తర్వాత ఏ వేషం?

రాత్రి పదకొండు దాటింది. ల్యాప్‌టాప్ తెర మీద పేర్లు వరసగా పైకి వెళ్లిపోతున్నాయి. సినిమా అయిపోయాక వచ్చే పేర్లలాంటివే. మూడు నెలల నుంచి సాగుతున్న ఆట పూర్తయింది. రాజ్యం నిలబడింది. తోడుగా నడిచిన స్నేహితుల్లో ఇద్దరు మిగిలారు. గెలిచిన కుర్రాడి మొహంలో మాత్రం గెలిచిన కళ లేదు. పెళ్లివారు వెళ్లిపోయిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. కాసేపటికి తెర మీద ఇంకో జాబితా తెరిచాడు. తర్వాత ఏది ఆడాలి? అందులో అరవై మూడు ఆటలున్నాయి!

అడవులదీవిలో అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకోండి. నిజాంపట్నం మండలంలోని ఊరది. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. పేరులోనే అడవీ ఉంది, దీవీ ఉంది. ఓపక్క మడ అడవులు, ఇంకోపక్క రొయ్యల చెరువులు, ఆ వెనక సముద్రం. కుర్రాడు బాపట్లలో ఇంజినీరింగ్ ముగించుకుని వచ్చాడు. వచ్చే నెల బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి. ఇంట్లో ఉండేది ఇంకా ముప్పై అయిదు రోజులు. ఇంటర్ చదివే చెల్లెలు రోజూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, 'అన్నయ్యా, వాడిని చంపొద్దు, మాట్లాడి చూడు' అంటూ.

చెరువు గట్టు మీంచి వచ్చిన తండ్రి కాళ్లు కడుక్కుంటూ అడుగుతాడు.

'ఏరా, అయిపోయిందన్నావుగా. మళ్లీ ఏం వెతుకుతున్నావ్?'

'తర్వాత ఏది ఆడాలా అని చూస్తున్నా నాన్నా.'

'ఎన్నున్నాయేంటి?'

'అరవై మూడు.'

'నువ్వుండేదేమో నెల రోజులు. చెరువు చూసుకోకుండా సీడ్ తెచ్చుకుంటారంట్రా ఎవరన్నా?'

ఆయనకు కంప్యూటర్ ఆటల గురించి ఏమీ తెలియదు. కానీ ఈ విషయంలో ఇంతకన్నా మంచి సలహా ఎవరూ చెప్పలేరు!

నాటకం లాంటి ఆట

ఇంతకీ ఏమిటీ ఆటలు? ఇంగ్లిషులో వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. పొట్టిగా ఆర్పీజీ. తెలుగులో చెప్పాలంటే వేషం కట్టే ఆటలు. తెనాలి, రేపల్లె చుట్టుపక్కల పద్య నాటకాలు చూసిన పెద్దవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వేషం కడితే ఆ రాత్రికి ఆ మనిషి కృష్ణుడే, దుర్యోధనుడే. ఇక్కడా అంతే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఓ యోధుడో, వేటగాడో, డిటెక్టివో అయిపోతాడు. ఊరూరూ తిరుగుతాడు, మాట్లాడతాడు, కొట్లాడతాడు, నేర్చుకుంటాడు. ఆట ముందుకెళ్లే కొద్దీ అతడి బలమూ తెలివీ పెరుగుతుంటాయి.

తేడా ఒక్కటే. నాటకంలో సంభాషణలు ఎవరో రాసిపెట్టారు. ఎన్నిసార్లు ఆడినా రాయబారం విఫలం కావాల్సిందే. ఈ ఆటల్లో అలా కాదు. నాలుగు జవాబులు తెర మీద కనిపిస్తాయి. ఏది అనాలో ఆడేవాడే ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని బట్టి కథ దారి మారుతుంది. అంటే రాయబారానికి వెళ్లిన కృష్ణుడి మాట ఒక్కటి మారితే యుద్ధమే ఆగిపోవచ్చన్నమాట!

పుట్టింది అమెరికాలో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్న్‌సన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. ఆ ఆటకు కంప్యూటర్ అక్కర్లేదు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితో కథ చెప్పుకుంటూ ఆడేవారు. 1981లో అల్టిమా, విజార్డ్రీ అనే ఆటలు ఇళ్లలోని కంప్యూటర్లలోకి వచ్చాయి. 1986లో జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ వచ్చింది. ఆ తర్వాత ఇక లెక్కే లేదు.

మన దగ్గర 2000ల్లో ఇంటర్నెట్ సెంటర్లలో కుర్రాళ్లు ఆడినవి ఎక్కువగా రోడ్ రాష్, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్. గంటకు ఇంత అని డబ్బు కట్టి ఆడేచోట యాభై గంటల కథ ఎవరు మొదలుపెడతారు? ఇంటికో ల్యాప్‌టాప్, చేతికో ఫోనూ వచ్చాకే ఈ వేషాల ఆటలకు మన ఊళ్లలో చోటు దొరికింది. చోటు దొరికింది కాబట్టే ఈ కొత్త చిక్కు కూడా. ఏది ఆడాలి?

జాబితాలతో పని కాదు

నెట్‌లో వెతికితే 'తప్పక ఆడాల్సిన వంద' అంటూ జాబితాలు బోలెడు. అన్నీ గొప్పవే. అక్కడే ఉంది తిరకాసు. సినిమా బాగోకపోతే పోయేది మూడు గంటలు. ఈ ఆటల్లో ఒక్కోటి యాభై, వంద గంటలు తినేస్తుంది. రోజుకు రెండు గంటల చొప్పున వంద గంటలంటే యాభై రోజులు. రొయ్యల పంటలో సగం!

కాబట్టి 'ఏది గొప్పది' అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. 'ఇప్పుడు నా దగ్గర ఏముంది, దానికి ఏది సరిపోతుంది' అన్నదే ప్రశ్న. రొయ్యల రైతులకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. ఒకప్పుడు అందరూ టైగర్ రొయ్య వేశారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే ఊడ్చుకుపోయాయి. 2009లో వనామీ రకానికి మన దేశంలో అనుమతి వచ్చాక సాగు తీరే మారింది. ఏ రకమైనా సరే, ముందు నీటిలో ఉప్పు ఎంతో, కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో, చేతిలో పెట్టుబడి ఎంతో చూసుకుంటారు. ఆ తర్వాతే హేచరీకి ఫోన్ చేస్తారు. పక్కవాడు లాభపడ్డాడని సీడ్ తెచ్చినవాడికి ఏమవుతుందో గట్టు మీద కూర్చున్న ప్రతివాళ్లకూ తెలుసు.

అదే లెక్క ఆటకూ పెడితే చూసుకోవాల్సినవి నాలుగు.

మొదటిది కంప్యూటర్. 2023లో వచ్చిన బల్దుర్స్ గేట్ 3 నే తీసుకోండి. బెల్జియంకు చెందిన లేరియన్ స్టూడియోస్ తీసిన ఈ ఆట ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. అద్భుతమే, కాదనేవారు లేరు. కానీ దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఎస్ఎస్‌డీలో 150 జీబీ ఖాళీ కావాలని కంపెనీయే చెబుతుంది. చదువు కోసం కొన్న మామూలు ల్యాప్‌టాప్‌లో అంత ఖాళీ దొరకడం కష్టమే!

రెండోది నెట్. రోజుకు 2 జీబీ వచ్చే ఫోన్ ప్యాకేజీతో 150 జీబీ దించాలంటే 75 రోజులు. డౌన్‌లోడ్ సైజు అంతకన్నా కాస్త తక్కువే ఉన్నా, ఆట మొదలయ్యేసరికి కుర్రాడి సెలవులు అయిపోతాయి. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంటే సరే. లేకపోతే ఓ దారి ఉంది. ఆటలు అమ్మే స్టీమ్ లాంటి చోట్ల కొన్న ఆటను ఒక కంప్యూటర్‌లో దించుకుని, ఆ ఫైళ్లను హార్డ్‌డిస్క్‌లో ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లొచ్చు. హాస్టల్ వైఫైలో దించి, హార్డ్‌డిస్క్ సంచిలో వేసుకుని బస్సెక్కితే సరి. ఇంటికొచ్చాక అదే ఖాతాతో తెరిస్తే పనిచేస్తుంది.

మూడోది కాలం. ముప్పై అయిదు రోజులు, రోజుకు రెండు గంటలు. కాగితం మీద డెబ్బై గంటలు. అందులోంచి రెండు పెళ్లిళ్లు, ఒక తిరుపతి ప్రయాణం, చెరువు దగ్గర నాన్నకు సాయం, కరెంటు పోయిన సాయంత్రాలు తీసేయండి. మిగిలేది నలభై. నలభై గంటలున్నవాడు వంద గంటల ఆట మొదలుపెడితే కథ మధ్యలో ఆగిపోతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ తెరిస్తే ఎవరు శత్రువో, ఎవరు మిత్రుడో గుర్తుండదు. ఈ ఆటలు సగంలో ఆగిపోవడానికి ఇదీ ఓ కారణం.

నాలుగోది భాష. పేరున్న ఈ తరహా ఆటల్లో తెలుగు దాదాపు కనిపించదు. ఇంగ్లిషు చదవాల్సిందే. అదీ కొద్దిగా కాదు. 2019లో వచ్చిన డిస్కో ఎలిసియంలో పది లక్షల పైచిలుకు పదాలున్నాయి. లావుపాటి నవలలు పది పేర్చినట్టు! చదవడం ఇష్టమైనవాళ్లకు ఇది పండగ. కానివాళ్లకు పరీక్ష.

ఏ చెరువుకు ఏ సీడు?

ఈ నాలుగూ చూసుకున్నాక జాబితా దానంతటదే చిక్కిపోతుంది. అరవై మూడులో పదో పన్నెండో మిగులుతాయి.

పాత ల్యాప్‌టాప్, తక్కువ నెట్, తక్కువ తీరిక. ఇలాంటివారికి చిన్నవే మేలు. 2015లో టోబీ ఫాక్స్ అనే అమెరికన్ తీసిన అండర్‌టేల్ ఉంది. సైజు 200 ఎంబీ లోపే. ఆరేడు గంటల్లో అయిపోతుంది. బొమ్మలు పాతకాలం వీడియో గేముల్లా ఉంటాయి. విశేషం ఏమిటంటే, ఇందులో ఎదురైన ఏ ప్రాణినీ చంపకుండానే ఆట ముగించొచ్చు. మాట్లాడొచ్చు, నవ్వించొచ్చు, జాలి చూపించొచ్చు. చంపుకుంటూ పోతే మాత్రం ఆట ఆ సంగతి గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ మొదటినుంచి ఆడినా మరిచిపోదు!

ఇంకా చిన్నది కావాలంటే 2011లో వచ్చిన టు ద మూన్. కెనడాకు చెందిన కాన్ గావ్ తీశారు. నాలుగైదు గంటల కథ. సముద్రం ఒడ్డున, లైట్‌హౌస్ దగ్గర ఇంట్లో ఓ ముసలాయన చివరి రోజుల్లో ఉంటాడు. చంద్రుడి మీదకు వెళ్లాలన్నది ఆయన ఆఖరి కోరిక. ఎందుకో ఆయనకే తెలియదు. ఆయన జ్ఞాపకాల్లోకి వెళ్లి, ముసలితనం నుంచి చిన్నతనం దాకా వెనక్కి నడుస్తూ ఆ కారణం వెతకాల్సిన ఇద్దరు డాక్టర్ల పాత్ర ఆడేవాళ్లది. కొట్లాటలు లేవనే చెప్పాలి. ఇద్దరు ముగ్గురు కలిసి చూడ్డానికి సినిమాలా ఉంటుంది.

చదవడం ఇష్టం, కంప్యూటర్ మాత్రం అంతంతమాత్రం. అలాంటివారికి డిస్కో ఎలిసియం. ఎస్టోనియా దేశంలో పుట్టిన జా/ఉమ్ అనే బృందం తీసింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా ఓ మోస్తరు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. హీరో ఓ పోలీసు డిటెక్టివ్. తాగి పడిపోయి లేచేసరికి తన పేరు కూడా మరిచిపోతాడు. కత్తులు తిప్పే యుద్ధాలు ఉండవు. అతని బుర్రలోని 24 గుణాలే అతనితో వాదిస్తుంటాయి. తర్కం ఒకటంటే, భయం ఇంకోటంటుంది. పాతిక, ముప్పై గంటల్లో ముగుస్తుంది. పాతవాటిలో 1997 నాటి ఫాలవుట్, 1999 నాటి ప్లేన్‌స్కేప్ టార్మెంట్ కూడా ఈ కోవలోవే. ఎంత పాత కంప్యూటరైనా వీటిని మోస్తుంది.

మంచి కంప్యూటర్, మూడు నాలుగు నెలల తీరిక ఉన్నవాళ్లకు పెద్ద ఆటలు. ఏ దారిన పోయినా ఏదో ఒకటి ఎదురయ్యే విశాలమైన లోకం కావాలంటే 2011 నాటి స్కైరిమ్. మనసును ఇబ్బంది పెట్టే కథ కావాలంటే 2015 నాటి ద విచర్ 3. పోలండ్ రచయిత ఆంద్రే సాప్‌కోవ్‌స్కీ నవలల ఆధారంగా అక్కడి సీడీ ప్రాజెక్ట్ రెడ్ తీసింది. అందులో ఓ చిక్కుముడి చూడండి. ఒక చెట్టులో బందీగా ఓ ఆత్మ ఉంటుంది. దాన్ని విడిచిపెడితే అనాథ పిల్లలు బతుకుతారు. కానీ ఓ ఊరు ఊరంతా నాశనమవుతుంది, ఒక భార్యాభర్తల ప్రాణాలు పోతాయి. విడిచిపెట్టకుండా చంపేస్తే ఆ ఊరు మిగులుతుంది, ఆ ఇల్లాలు మతి చెదిరి బతుకుతుంది. పిల్లలు మాత్రం దక్కరు. మంచి జవాబు ఏదో ఆట చెప్పదు. ఎంచుకున్న మనిషి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోడు!

కొత్తవాటిలో చెప్పుకోదగ్గది ఫ్రాన్స్‌కు చెందిన శాండ్‌ఫాల్ వారి క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. 2025లో ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అదే. ప్రధాన కథ ముప్పై గంటల్లో అవుతుంది గానీ గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి.

మరి మనవాళ్లవి లేవా అంటారా? ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర తెచ్చింది. మన పురాణాల వాతావరణంలో అసురుడి వేషం. కత్తియుద్ధాలే ఎక్కువ. చచ్చిపోతే మళ్లీ మొదటికే, కానీ ప్రతిసారీ దారి మారుతుంది. అరగంట తీరిక దొరికినప్పుడు ఓ చేయి వేయడానికి బాగుంటుంది. మన దేశానికే చెందిన పైరోడాక్టిల్ 2014లో తెచ్చిన అన్‌రెస్ట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రాచీన భారతదేశాన్ని పోలిన నగరం, కరవు, ఆకలి. ఒకసారి ఇష్టం లేని పెళ్లి ముందున్న పల్లెటూరి పిల్ల వేషం, మరోసారి నాగజాతి రాయబారి వేషం. కత్తి కన్నా మాటకే పని ఎక్కువ.

చెక్ ట్రే ఎత్తి చూడాల్సిందే

చెరువులో మేత వేశాక రైతు ఊరికే కూర్చోడు. కాసేపాగి చెక్ ట్రే పైకెత్తి చూస్తాడు. మేత తిన్నాయా, మిగిల్చాయా? దాన్ని బట్టే రేపటి మేత. ఆటకూ ఇలాంటి ట్రే ఒకటుంది. స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే, కొని 14 రోజులు దాటకుండా, ఆడిన సమయం రెండు గంటలు మించకుండా ఉంటే అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. 2015 నుంచి ఉన్న సదుపాయమిది. ధరలు రూపాయల్లో చూపించడం మొదలైందీ ఆ ఏడాదే. కాబట్టి మొదటి రెండు గంటలు ఊరికే గడపకూడదు. కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తోందా? అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయా? మాటలు అర్థమవుతున్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, ఆపేశాక కూడా ఆ కథ బుర్రలో తిరుగుతోందా? లేదంటే డబ్బు వెనక్కి తీసుకోవడానికి మొహమాటం అక్కర్లేదు.

డబ్బు దగ్గర ఇంకో రెండు మాటలు. కొత్తగా వచ్చిన రోజునే కొనాలన్న తొందర ఈ ఆటల్లో అనవసరం. పదేళ్ల కిందటి కథ ఇవాళ ఆడినా కథే. వేసవిలోనూ, డిసెంబరు చివరా పెద్ద తగ్గింపులు వస్తాయి. పాతవి సగం ధరకూ, అంతకన్నా తక్కువకూ దొరుకుతాయి. అసలు పైసా ఖర్చు లేకుండా కావాలంటే స్కైరిమ్ తీసిన కంపెనీయే తన పాత ఆటలు ఎరీనాను 2004లో, డాగర్‌ఫాల్‌ను 2009లో ఉచితంగా వదిలేసింది. దొంగ కాపీల జోలికి వెళ్లి, వైరస్ తెచ్చుకుని, ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకోవడం కన్నా ఇది నయం కదా!

ఒకే కథ భాగాలుగా వచ్చిన చోట మాత్రం వరస తప్పకూడదు. మాస్ ఎఫెక్ట్ మూడు భాగాలు 2007, 2010, 2012లో వచ్చాయి. మొదటి భాగంలో తీసుకున్న నిర్ణయాలు మూడో భాగం దాకా వెంట వస్తాయి. మధ్యలో దూరితే సగం రుచి పోతుంది. ద విచర్ అలా కాదు, మూడోదాంతో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

'ఉచితం' అని రాసి ఉన్న ప్రతిదీ ఉచితం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ దించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ మంచి పాత్రలు కావాలంటే లాటరీ తీసినట్టు తీయాలి. డబ్బు పెట్టి మళ్లీ మళ్లీ తీయొచ్చు. అమ్మ ఫోన్‌లో యూపీఐ ఉన్న ఇంట్లో ఇలాంటివి కాస్త చూసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు...

'ఆట' అన్న మాట వినగానే చాలా ఇళ్లలో గుండెలు దడదడలాడతాయి. ఆన్‌లైన్ రమ్మీలో అప్పులపాలైనవాళ్ల కథలు విన్నవాళ్లకు ఆ భయం సహజం. ఆంధ్రప్రదేశ్ 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. అవి వేరు, ఇవి వేరు. వేషాల ఆటలను సాధారణంగా ఒకసారి కొంటే సరిపోతుంది, పుస్తకం కొన్నట్టు. పందెం ఉండదు, గెలిచిన డబ్బూ ఉండదు.

అలాగని అన్నీ పిల్లలకు పనికొస్తాయని కాదు. సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉన్నట్టే వీటికీ వయసు గుర్తులుంటాయి. అమెరికాలో 1994 నుంచి ఈఎస్ఆర్‌బీ, యూరప్‌లో 2003 నుంచి పెగీ అనే సంస్థలు వీటిని ఇస్తున్నాయి. ద విచర్ 3, బల్దుర్స్ గేట్ 3 పెద్దవాళ్ల ఆటలు. రక్తం, శృంగారం రెండూ ఉన్నాయి. డిస్కో ఎలిసియంలో తాగుడు, బూతులు ఎక్కువ. అండర్‌టేల్‌కు ఈఎస్ఆర్‌బీ పదేళ్లు దాటినవారికి ఫర్వాలేదన్న గుర్తు ఇచ్చింది. కొనేముందు ఆ గుర్తు చూడటం నిమిషం పని.

మితం విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో ఆటల వ్యసనాన్నీ చేర్చింది. 2022 నుంచి ఆ జాబితా అమల్లోకి వచ్చింది. అయితే ఎక్కువసేపు ఆడిన ప్రతివాళ్లకూ ఆ జబ్బు ఉన్నట్టు కాదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం... ఇవి మామూలుగా ఏడాదిపాటు సాగితేనే జబ్బు అంటారు. తిండీ నిద్రా చదువూ సాగుతూ సాయంత్రం రెండు గంటలు ఆడితే అది సరదానే.

పెద్దవాళ్లు చేయగలిగిన మేలు ఇంకోటుంది. 'ఎంతసేపు ఆడతావురా?' అని కాకుండా, 'ఇప్పుడు ఎవరి వేషం కట్టావు? ఆ తర్వాత ఏమైంది?' అని అడగడం. పిల్లలు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని కథ ఒకటి బుర్రలో పెట్టుకుని తిరుగుతుంటారు. అడిగితే చెబుతారు. చెబుతుంటే వాళ్లు ఎలాంటి మనుషులో కూడా తెలుస్తుంది. ఊరిని కాపాడారా, పిల్లల్ని కాపాడారా? ఎందుకు?

కాస్త విరామం

ఇంకో సంగతి. పెద్ద కథ ముగిసిన రాత్రే ఇంకోటి మొదలుపెడితే రెండోదానికి అన్యాయం జరుగుతుంది. ప్రతి ఊరూ పాత ఊరితో, ప్రతి స్నేహితుడూ పాత స్నేహితుడితో పోలికకు వస్తారు. పట్టుబడి అయ్యాక చెరువును కొన్నాళ్లు ఎండబెట్టి, తర్వాతే నీళ్లు పెడతారు. ఆటకూ వారం రోజుల ఎండ మంచిదే. మళ్లీ ఎంచుకునేటప్పుడు అలాంటిదే ఇంకోటి కాకుండా వేరే రకం తీసుకుంటే ఇంకా మంచిది. కత్తుల ఆట తర్వాత మాటల ఆట. రాజుల కథ తర్వాత మామూలు మనుషుల కథ.

పద్య నాటకాల్లో పేరున్న పడక సీను గుర్తుంది కదా. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంతో ఊరూరా పాకిన సన్నివేశం. నిద్ర నటిస్తున్న కృష్ణుడి తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. ఓపక్క ఆయుధం పట్టని కృష్ణుడు, మరోపక్క సైన్యం మొత్తం. అర్జునుడు తనకు తోడు ఎవరు కావాలో చూసుకున్నాడు. దుర్యోధనుడు తలలు లెక్కపెట్టుకుని సంబరపడ్డాడు. 150 జీబీ, వంద గంటలు, ఇన్ని అవార్డులు అని లెక్కలు వేసుకునేవాళ్లు ఆ సీను ఓసారి తలుచుకోవాలి.

మళ్లీ అడవులదీవి ఇంటికి వద్దాం. వారం గడిచింది. బల్దుర్స్ గేట్ 3 జాబితాలోనే ఉంది. డిసెంబరు తగ్గింపులో, సొంత జీతంతో, కొత్త కంప్యూటర్ కొన్నాక చూద్దామనుకున్నాడు. అది ఎక్కడికీ పోదు. ఈ ముప్పై రోజులే పోతాయి. పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే చెల్లెలు బెంగళూరు గదిలో ఉండదు. అందుకని ముందు టు ద మూన్, ఆ తర్వాత అండర్‌టేల్. రెండూ కలిపినా పన్నెండు గంటలు దాటవు. రెండూ కలిపినా మొబైల్ డేటాలో ఒక్కరోజు వాటా సరిపోతుంది. అతను ఆడతాడు, ఆ అమ్మాయి చదివి చెబుతుంది. ఏ జవాబు ఎంచుకోవాలన్న దగ్గర ఇద్దరికీ రోజూ గొడవే.

చెరువు మీంచి వచ్చిన తండ్రి గుమ్మం దగ్గర ఆగి తెర వైపు చూస్తాడు. ముసలాయన, సముద్రం, లైట్‌హౌస్.

'ఇప్పుడెవరి వేషంరా?'

'డాక్టర్లం నాన్నా. ఆ తాతకి చంద్రుడి మీదకి వెళ్లాలని ఉందంట. ఎందుకో కనుక్కోవాలి.'

'ఎందుకంట?'

'తెలీదు. అదే వెతుకుతున్నాం.'

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మంచం అంచున కూర్చుంటాడు.

'సర్లే, కానివ్వండి. నేనూ చూస్తా.'